మూడేళ్ల సినిమా, టీవీ ప్రొడక్షన్ డిగ్రీ: కెమెరా కోసమైతే చేరొద్దు

ముందే చెప్పేస్తాను, ఈ కోర్సుకి నేను పదికి ఆరున్నర ఇస్తాను. యూనివర్సిటీ పేరు అడగొద్దు, మా వైపు ఉన్న ప్రైవేటుదే ఒకటి, వాళ్ల దగ్గర నా పని ఇంకొకటి మిగిలి ఉంది, అందుకే పేరు రాయట్లేదు. డిజిటల్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ప్రొడక్షన్, మూడేళ్ల డిగ్రీ, నాకు ఏడాదికి లక్షా పది వేలు పడింది. దాని మీద హార్డ్ డిస్కులు, షూటింగు రోజుల్లో భోజనాలు, ఆటోలు అన్నీ కలిపితే ఇంకో డెబ్బై ఎనభై వేలు చేతి నుంచి పోయి ఉంటాయి, ఆ లెక్క బ్రోచర్లో ఎక్కడా ఉండదు.

నేను ఇంటర్ అయ్యాక నేరుగా చేరలేదు. గుంటూరు బ్రాడీపేటలో ఒక ఫొటో స్టూడియోలో రెండేళ్లు చేశాను. మొదట లైటు పట్టుకోవడం, తర్వాత రెండో కెమెరా, ముహూర్తాలు లేని రోజుల్లో మిక్సింగు. పెళ్లి వీడియోకి ఎడిటింగ్ అనే మాట మా దగ్గర ఎవరూ వాడరు, మిక్సింగే. అందుకని డిగ్రీలో చేరతానంటే మా అమ్మ అన్న మొదటి మాట, "వచ్చిన పనినే మళ్లీ డబ్బు కట్టి నేర్చుకుంటావంట్రా?" అని. అప్పుడు నా దగ్గర సమాధానం లేదు, ఇప్పుడు సగం ఉంది.

మొదటి నెలలోనే గట్టి దెబ్బ తగిలింది. ఫంక్షన్ హాళ్లలో మేం తీసిన చాలా వీడియోల్లో తెర మీద నల్ల చారలు పాకుతూ కనిపించేవి. రెండేళ్లూ "జనరేటర్ వోల్టేజ్ సార్, మా చేతిలో లేదు" అని పెళ్లివాళ్లకి చెప్పాం, మేమూ అదే నమ్మాం. క్లాసులో సారు బోర్డు మీద రెండే అంకెలు వేశారు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ట్యూబులైటు వెలుగు సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతుంది. మేమేమో యూట్యూబులో అమెరికా వాళ్లని చూసి సెకనుకి 30 ఫ్రేములు, షట్టరు (ఒక్కో ఫ్రేముకి వెలుగు లోపలికి వచ్చే టైము) సెకనులో 60వ వంతు పెట్టేవాళ్లం, అది వాళ్ల 60 హెర్ట్జ్ కరెంటుకి కుదిరే లెక్క. ఇక్కడ 25 ఫ్రేములు పెట్టి షట్టరు 50వ వంతుకి తెస్తే చారలు పోతాయి, మన టీవీ కూడా మొదటి నుంచీ 25 ఫ్రేముల లెక్క మీదే నడిచింది. ఐదు నిమిషాల్లో చెప్పే సంగతి, కానీ మా స్టూడియోలో చెప్పడానికి తెలిసినవాళ్లు ఉంటే కదా. ఆ రోజు సాయంత్రం మా ఓనరుకి ఫోన్ చేసి చెబితే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "పాత ఆల్బమ్ వాళ్లెవరికీ చెప్పకు" అన్నాడు.

ఇది చూసి కెమెరా బాగా నేర్పుతారనుకోకండి, ఆ క్లాసు తర్వాత అక్కడ కెమెరాలో నేను నేర్చుకున్నది తక్కువ. బ్యాచ్‌లో 42 మంది, స్టోరులో కెమెరాలు మూడు, అందులో ఒకదానికి హెచ్‌డీఎంఐ సాకెట్ లూజు. రిజిస్టర్లో సంతకం పెట్టి తీసుకోవాలి, సాయంత్రం ఐదున్నరకి తిరిగి ఇచ్చేయాలి, అసలు మంచి వెలుతురు మొదలయ్యేదే అప్పుడు. స్టోరు చూసుకునే ఆయన్ని అందరం బాబాయ్ అనేవాళ్లం. "బాబాయ్, ఇంకో అరగంట, సూర్యుడు దిగుతున్నాడు" అంటే "సూర్యుడికి ఓటీ ఇస్తారేమో గానీ నాకు ఇవ్వరమ్మా" అనేవాడు, ఆయన తప్పేం లేదు. మొదటి ఏడాది మొత్తంలో కెమెరా నా చేతికి వచ్చింది పదకొండు సార్లు, డైరీలో రాసుకున్నాను. మాఘమాసంలో పెళ్లిళ్లు ఊపందుకుంటే పది రోజుల్లో అంతకంటే ఎక్కువసార్లు పట్టుకునేవాణ్ని. ఇక హోర్డింగు మీద కుర్రాడు భుజాన మోసే ఆ పెద్ద సినిమా కెమెరా మూడేళ్లలో ఒక్కసారే కనిపించింది, ఒక వర్క్‌షాపు కోసం అద్దెకు తెచ్చారు, ఫొటోలు దిగాం, సాయంత్రానికి హైదరాబాదు వెళ్లిపోయింది.

మరి ఆరున్నర ఎక్కడి నుంచి వచ్చిందంటారా, అందులో మూడు మార్కులు సౌండ్‌వి.

పెళ్లి వీడియోలో సౌండ్ అంటే పాట వేసేయడం. మంత్రాలు కాసేపు, మంగళవాయిద్యం కాసేపు, మిగతాదంతా సినిమా పాట. కాబట్టి సౌండ్ పేపరు అంటే నాకు నిద్రపోయే పేపరని డిసైడయ్యే చేరాను. ఆ పేపరు చెప్పిన మేడమ్ చాలా ఏళ్లు డబ్బింగ్ థియేటర్లలో పనిచేసి వచ్చారు. మొదటి ప్రాక్టికల్‌కి మమ్మల్ని విజయవాడ వన్ టౌన్‌లో మా ఫ్రెండ్ వాళ్లింటికి పంపించారు, రెండు నిమిషాల డైలాగు సీను, డబ్బింగ్ చెప్పకూడదు, అక్కడ రికార్డయిందే ఫైనల్. ఏప్రిల్ నెల, బెజవాడ ఎండ, ఫ్యాను ఆపితే నటించేవాళ్ల మొహాలు చెమటతో మెరుస్తాయి, ఆపకపోతే హెడ్‌ఫోన్లో హెలికాప్టర్ దిగుతున్నట్టు ఉంటుంది. ఫ్యాను ఆపాం. అప్పుడు ఫ్రిజ్ వినపడింది. ఫ్రిజ్ ఆపితే కింద వాటాలో నీళ్ల మోటారు. మోటారు ఆగేలోపు స్టేషన్ వైపు నుంచి రైలు కూత. రెండు నిమిషాల సీనుకి నాలుగున్నర గంటలు పట్టింది, పైగా వచ్చేటప్పుడు ఫ్రిజ్ ఆన్ చేయడం మర్చిపోయాం, ఆంటీ పెరుగంతా పులిసిపోయింది. ఆ తర్వాత మేడమ్ చెప్పిన చిట్కా ఏంటంటే, ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళాలు అందులో పెట్టాలట, అవి లేకుండా ఇంటికి పోలేం కదా. ఇప్పటికీ అదే చేస్తాను.

ఇలాంటివే చాలా ఉన్నాయి. ఏ గదిలో తీసినా చివర్లో అందరూ నోరు మూసుకుని అర నిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకోవాలి, లేకపోతే మాటకీ మాటకీ మధ్య కట్ చేసిన చోట గుంట పడ్డట్టు తెలిసిపోతుంది. మాట గట్టిగా వచ్చినప్పుడు రికార్డరు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర్లో ఉండేలా చూసుకోవాలి, సున్నా దాటి పగిలిన సౌండ్‌ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతకలేదు. గంజి పెట్టిన మంగళగిరి చీర మీద కాలర్ మైకు పెడితే ఆవిడ ఊపిరి తీసినప్పుడల్లా కాగితం నలిపినట్టు వస్తుంది, మైకు ఎక్కడ పెట్టాలో చీరని బట్టి చూసుకోవాల్సిందే. ప్రకాశం బ్యారేజీ మీద గాలికి మైకు స్పాంజి చాలదు, పైన బొచ్చు తొడుగు కావాలి. యూట్యూబులో ఇవన్నీ దొరకవా అంటే దొరుకుతాయి, నేనే తర్వాత చూశాను. కాకపోతే అక్కడ మనల్ని నాలుగున్నర గంటలు నిలబెట్టేవాళ్లు ఉండరు.

రెండో ఏడాది డాక్యుమెంటరీ కోసం మేం గుంటూరు మిర్చి యార్డు ఎంచుకున్నాం. మార్చిలో వెళ్లాం, సీజను మంచి జోరు మీద ఉంది, ఎటు చూసినా టిక్కీలే, అంటే మిర్చి బస్తాలే. గుంటూరు వాడినే అయినా కెమెరా పట్టుకుని లోపలికి పోవడం అదే మొదలు. విజువల్స్ అద్భుతం, ఎర్రటి గుట్టల మధ్య హమాలీలు బస్తాలు మోసుకుంటూ పోతుంటే ఎటు పెట్టినా ఫ్రేము అందంగానే ఉంది. ఇంటికొచ్చి విన్నాక తెలిసింది, తీసిన మాటల ముక్కల్లో ఏ ఒక్క బైటూ దగ్గు లేకుండా లేదు. మాట్లాడే రైతు దగ్గుతాడు, అడిగేవాడు దగ్గుతాడు, కర్రకి కట్టిన మైకు, అదే బూమ్, పట్టుకున్న నా దగ్గయితే అన్నిటికంటే గట్టిగా పడింది. వారం రోజులు కూర్చుని ఒక్కో దగ్గూ కత్తిరించి మేడమ్‌కి చూపిస్తే, "ఇది మిర్చి యార్డా, కిరాణా కొట్టా?" అన్నారు. రైతుల దగ్గులన్నీ మళ్లీ పెట్టాం, నాది మాత్రం తీసేయమన్నారు.

ఇంకో రెండు మార్కులు టీవీ స్టూడియోకి. చిన్నదే, మూడు కెమెరాలు, ఒక యాంకర్ టేబులు, వెనక గ్రీన్ మ్యాట్, అద్దం అవతల పీసీఆర్, అంటే ప్రొడక్షన్ కంట్రోల్ రూము. ప్రతి శుక్రవారం పన్నెండు నిమిషాల బులెటిన్ లైవ్‌లాగే చేయాలి, మధ్యలో ఆపకూడదు. ఒక వారం కెమెరా, ఒక వారం ప్రాంప్టర్, ఒక వారం ఫ్లోర్ మేనేజరు, ఇలా డ్యూటీలు మారతాయి, అందరూ భయపడేది మాత్రం ఏ కెమెరా తెర మీదకి వెళ్లాలో నొక్కే స్విచ్చర్ దగ్గర కూర్చునే వారానికే. టాక్‌బ్యాక్‌లో (అందరి హెడ్‌ఫోన్లలో వినపడే మైకు) "రెండు రెడీ, రెండు టేక్" అంటూనే మూడో కెమెరా వాడిని ఫోకస్ సరిచేసుకోమనాలి, రన్‌డౌన్‌లో (వార్తల వరస పట్టీ) తర్వాత వచ్చే ప్యాకేజీ, అంటే ముందే ఎడిట్ చేసిన వార్త వీడియో, ఇంకా ఎక్కలేదని పక్కవాడు అరుస్తుంటాడు, యాంకర్ చదవడం అయిపోయి మన వైపే చూస్తుంటుంది. నా మొదటి శుక్రవారం యాంకర్ నీళ్లు తాగుతుండగా ఆమె కెమెరాకి కట్ చేసేశాను, పన్నెండు సెకన్లు ఆమె తాగుతూనే ఉంది, నా చెయ్యి కదల్లేదు, అంత టెన్షన్. మిక్సింగులో సరిచేద్దాంలే అనే అలవాటు నాకు అక్కడే పోయింది.

మా అమ్మకి చెప్పగలిగే సగం సమాధానం ఇదే. ఇప్పుడు నేను గుంటూరులోనే ఉన్నాను, మళ్లీ పెళ్లిళ్లే, కాకపోతే హాల్లో ఎల్ఈడీ వాల్‌కీ యూట్యూబు లైవ్‌కీ నాలుగు కెమెరాలు కట్ చేసే పని నాది. అమెరికాలో కూర్చుని చూసే చుట్టాలు తలంబ్రాల టైములో పంతులుగారి వీపు చూపిస్తే ఊరుకోరు కదా. రెండో కెమెరాకి వచ్చే రోజు కూలీకి ఇప్పుడు మూడింతలు వస్తోంది. మా బ్యాచ్‌లో ఐదుగురు న్యూస్ ఛానళ్ల పీసీఆర్‌లలో చేరారు, వాళ్లకీ పని ఇప్పించింది ఆ శుక్రవారాలే. బ్రోచర్లో నూరు శాతం ప్లేస్‌మెంట్ అని ఉంటుంది, అది నమ్మి అప్పు మాత్రం చేయకండి.

ఎడిటింగ్ ల్యాబ్ గురించి ఎక్కువ రాయను, బీపీ పెరుగుతుంది. సెకనుకి 100 మెగాబిట్ల లెక్కన ఫోర్‌కే తీస్తే గంటకి 45 జీబీ అవుతుంది, ల్యాబ్ మెషీన్లలో ఖాళీ ఉండదు, అందుకే డిస్కులు మనమే కొనుక్కోవాలి, కొంటే రెండు కొనండి. మా ఫ్రెండ్ ఒక్కటే కొన్నాడు, సబ్మిషన్‌కి ఆరు రోజుల ముందు అది టిక్కు టిక్కుమని ఆగిపోయింది, సినిమా మొత్తం పోయింది. ఇంకోటి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు ప్రీమియర్‌లో తెలుగు టైటిల్ వేస్తే ఒత్తులన్నీ విడిపోయి "కృష్ణ" కాస్తా ముక్కలై కూర్చునేది. ల్యాబ్‌లో అందరూ 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టి ఫొటోషాప్ నుంచి బొమ్మగా తెచ్చుకునేవాళ్లు, అక్షరం మారితే మళ్లీ మొదటికి. గ్రాఫిక్స్ సెట్టింగుల్లో టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్‌కి మార్చితే యూనికోడ్ తెలుగు చక్కగా వస్తుందని మూడో ఏడాదిలో ఒక జూనియర్ అమ్మాయి కనిపెట్టి చెప్పింది. తెలుగు నేల మీద టీవీ కోర్సు పెట్టి ఇది సిలబస్‌లో లేకపోవడం నాకైతే సిగ్గుగానే అనిపించింది.

సినిమా చరిత్ర పేపరు ఇంగ్లీషు నోట్సుతో నడిచింది, తెలుగు మీడియం వాళ్లు బట్టీ కొట్టారు. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి వేసిన తొలి సినిమా షో, 1896 జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో మన దేశంలో తొలి షో, ఇవన్నీ వచ్చాయి. 1921లో ఇదే బెజవాడలో పోతిన శ్రీనివాసరావు గారు మారుతి సినిమా హాలు కట్టారన్న ముక్క మాత్రం నోట్సులో లేదు, గాంధీనగర్‌లో టీ తాగుతుంటే డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో పనిచేసిన ఒక పెద్దాయన చెప్పారు. తెలుగు సినిమాకి ఆద్యుడని చెప్పుకునే రఘుపతి వెంకయ్య పుట్టిన మచిలీపట్నానికి బస్సెక్కితే పూట తిరక్కుండా పోయి రావచ్చు, ఒక్కసారైనా తీసుకెళ్లి ఉండాల్సింది.

దర్శకత్వమో కెమెరానో లోతుగా కావాలంటే ఈ డిగ్రీతో ఆగిపోకండి. పుణెలో 1960లో పెట్టిన ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలో 1995లో మొదలైన సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్, రెండూ కేంద్ర ప్రభుత్వానివే, ఎక్కువ కోర్సులకి ఏదో ఒక డిగ్రీ ఉండాలి, ఎంట్రన్స్ రాయాలి. పుణెలో టీవీకి విడిగా ఏడాది కోర్సులు కూడా ఉన్నాయి. ఒట్టి ఎడిటింగ్, కలర్ మాత్రమే చాలనుకుంటే డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేరు ఫ్రీ వెర్షన్ దించుకుని ఇంట్లో కూర్చోండి, దానికి మూడు లక్షల ముప్పై వేలు పోయక్కర్లేదు.

అయినా చేరతామంటే, అడ్మిషన్ ఆఫీసులో ఏసీ కింద కూర్చోబెట్టి వీడియో చూపిస్తారు, అది చూసి లేచి నేరుగా స్టోరుకి పోయి రిజిస్టర్ అడగండి. ఎన్ని కెమెరాలు, ఒక్కొక్కరికి ఎన్ని రోజులకోసారి వస్తోంది, అన్నీ అందులోనే ఉంటాయి. రికార్డింగ్ రూములోకి వెళ్లి తలుపు వేసి ఒక నిమిషం నిలబడండి, కారిడార్లో మాటలు వినపడితే వెనక్కి వచ్చేయండి. ఏదైనా ఒక శుక్రవారం పీసీఆర్ అద్దం ఇవతల నుంచి చూడనివ్వమని అడగండి. సౌండ్ చెప్పేది ఎవరో కూడా కనుక్కోండి, మా మేడమ్ పోయిన ఏడాది మానేశారట, ఆమె లేకపోతే నా ఆరున్నరలో ఎంత తగ్గించుకోవాలో మీరే చూసుకోండి.

మొదట్లో మిగిలి ఉందన్న పని, కాషన్ డిపాజిట్ ఐదు వేలు. కోర్సు అయ్యి పద్నాలుగు నెలలైంది, ఇంకా రాలేదు. ఆ హెచ్‌డీఎంఐ సాకెట్ నేనే పాడుచేశానని రాసుకున్నారట. బాబాయ్ రిజిస్టర్ వెతుకుతున్నాడు.