కాటా సరే, సంచే కలగూరగంప

హైదరాబాద్‌లో యాప్‌లో బుక్ చేస్తే ఇంటికొచ్చి పాత సామాన్లు తూచి పట్టుకెళ్లే సర్వీసుల్లో ఒకదాని మీద ఈ సమీక్ష. పేరు రాయడం లేదు. ఏ సర్వీసుకైనా ఇవే పరీక్షలు పెట్టొచ్చు.

ముందు మంచి మాట: తూకంలో మోసం లేదు. కొక్కేనికి తగిలించే డిజిటల్ కాటా తెస్తారు. సీలు తీయని లీటరు నీళ్ల సీసా తగిలిస్తే కిలో మీద 20–30 గ్రాములు చూపాలి. చూపింది. వీధిలో అరుచుకుంటూ వెళ్లే బండి కాటాకీ ఈ పరీక్ష పెట్టి చూడండి.

చిక్కంతా తూచాకే. ప్లాస్టిక్ అంతటికీ ఒకటే రేటు, ఒకటే సంచి. కూల్‌డ్రింక్ సీసా (అడుగున త్రికోణంలో ప్లాస్టిక్ రకాన్ని చెప్పే అంకె 1, అంటే పెట్), షాంపూ డబ్బా (2, హెచ్‌డీపీఈ), పెరుగు డబ్బా (5, పీపీ), ప్లంబర్ వదిలేసిన పీవీసీ పైపు ముక్క (3) అన్నీ కలిపి కుక్కేశారు. ఇందులో పైపు ముక్కే శని. రీసైక్లింగ్‌లో పెట్ కరగాలంటే 250 డిగ్రీల దాకా కాగాలి. పీవీసీ ఆలోపే చెడి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి వదులుతుంది. దాంతో పెట్ పచ్చబడుతుంది, నల్ల చుక్కలు పడతాయి, యంత్రం తుప్పు పడుతుంది. పోనీ తొట్టెలో నీళ్లు పోసి వేరు చేద్దామా అంటే ఈ రెండూ మునిగే రకాలే. తేలేవి హెచ్‌డీపీఈ, పీపీ.

ఏది మునుగుతుందో, ఏది తేలుతుందో ఇంట్లోనే చూసుకోవచ్చు. గోరంత ముక్క కత్తిరించి, గిన్నెల సబ్బు ఒక చుక్క కలిపిన నీళ్లలో పూర్తిగా ముంచి వదలండి. సబ్బు లేకపోతే ముక్కకు గాలి బుడగలు పట్టుకుని మునగాల్సింది కూడా తేలి తప్పుదారి పట్టిస్తుంది. సీసా మూత తీయనక్కర్లేదు. తేలే రకం కాబట్టి ముక్కలు చేశాక తొట్టెలో అదే విడిపోతుంది. ఒళ్లంతా బిగుతుగా చుట్టిన లేబుల్ మాత్రం చింపేయండి, వాటిలో పీవీసీవి కూడా ఉంటాయి.

ఎలక్ట్రానిక్స్ దగ్గర చేసింది ఇంతకంటే పెద్ద తప్పు. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని మిక్సీ, లాప్‌టాప్‌తో కలిపి ఒకే గోతంలో వేశారు. మిక్సీ అంచు గుచ్చుకుంటే లోపలి పల్చటి పొర చిరిగి ప్లస్సూ మైనస్సూ కలుస్తాయి, ఆటోలోనే మంట. బ్యాటరీ కొసలకు టేపు అంటించి, ఇసుక పోసిన రేకు డబ్బాలో విడిగా ఇవ్వాలి. ఫోన్‌లోనే ఉబ్బి ఇరుక్కుంటే పీకొద్దు, ఫోన్‌తో సహా ఇచ్చేయండి.

రసీదులో ఒకటే ముక్క: మిక్స్‌డ్ స్క్రాప్, 6.4 కిలోలు. లాప్‌టాప్ సీరియల్ నంబరు లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రీసైక్లర్ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదై ఉండాలి. సామాను ఏ రీసైక్లర్‌కు చేరుతుందో వచ్చిన మనిషికీ తెలియదు, యాప్‌లోనూ లేదు. సగం మార్కులు ఇక్కడే పోయాయి.

డేటా తుడిచేస్తామన్న మాట నమ్ముకుని కూర్చోవద్దు. తిరిగే హార్డ్ డిస్కయితే విప్పి, డేటా ఉండే లోపలి గుండ్రటి పళ్లేనికి డ్రిల్లుతో బెజ్జాలు పెట్టండి. లాప్‌టాప్ డిస్కుల పళ్లేలు చాలావాటిలో గాజువి, పెళ్లున పగులుతాయి. కళ్లను పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు తప్పనిసరి. ఎస్‌ఎస్‌డీకి (పళ్లెం లేకుండా చిప్పుల్లో డేటా దాచే డిస్కు) బెజ్జం చాలదు, చిప్పు తప్పిపోవచ్చు. కంపెనీ ఇచ్చే ఎరేజ్ టూల్‌తో చెరపాలి.

పాత డబ్బా టీవీని తీసుకోవడానికి ఒప్పుకోలేదు. వెనుక రాగి చుట్ట కోసం బండివాళ్లు తీసుకుంటారు గానీ, మెడ విరిచి రాగి లాక్కుని సీసం ఉన్న గాజును అక్కడే పారేస్తారు. నమోదైన రీసైక్లర్ దొరికేదాకా దాన్ని అటక మీదే ఉంచండి.

పెట్ సీసాలు (పీవీసీ ముక్కలు కలపకుండా), అట్టలు, ఇనుము వరకు ఈ సర్వీసుకు ధైర్యంగా ఇవ్వొచ్చు. బ్యాటరీ ఉన్న ఏ వస్తువైనా ప్రస్తుతానికి వీళ్ల గోతంలో వేయకండి.