పోత ఇనుమా, రేకు ఇనుమా, నాన్‌స్టిక్కా: విశాఖ వంటింటికి ఏ పెనం మేలు?

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగని నెల ఉండదు. పోత ఇనుప పెనం కొనాలా, మామూలు రేకు పెనంతో సరిపెట్టుకోవాలా, ఇంట్లో ఉన్న నాన్‌స్టిక్‌నే వాడుకోవాలా అని. అడిగేవాళ్లు రుచి, ఆరోగ్యం, ధర గురించి అప్పటికే బోలెడంత చదివి ఉంటారు. అవన్నీ పట్టించుకోవాల్సినవే. విశాఖలో ఉండేవాళ్లు మాత్రం వాటికంటే ముందు ఇంకొక సంగతి తేల్చుకోవాలి: మీ ఇంట్లో పెనం పొయ్యి ఎక్కకుండా ఎన్ని రోజులు ఉంటుంది?

హైదరాబాదులోనో కర్నూలులోనో ఇనుప పెనాన్ని తుడిచి అలమరలో పెట్టి ఊరెళ్లినా, పది పదిహేను రోజుల తర్వాత తీసి మామూలుగా వాడుకోవచ్చు. సముద్రం పక్కన అది కుదరదు. అలలు విరిగినప్పుడు లేచే తుంపరలోని ఉప్పు గాలితోపాటు ఇళ్లలోకి వచ్చి ప్రతి వస్తువు మీదా వాలుతుంది. ఉప్పుకు తేమను లాక్కునే గుణం ఉంది. కాబట్టి పొడిగా కనిపించే ఇనుము మీద కూడా కంటికి ఆనని నీటి పొర ఏర్పడుతుంది, ఆ నీటిలో కరిగిన క్లోరైడ్ తుప్పును ఎగదోస్తుంది. తీరం నుంచి లోపలికి వెళ్లేకొద్దీ ఈ ఉప్పు త్వరగా తగ్గిపోతుంది. అందుకే లాసన్స్ బే కాలనీలో ఉన్నవారికీ పెందుర్తిలో ఉన్నవారికీ ఒకే సలహా పనికిరాదు. మీ ఇల్లు ఏ కోవలోకి వస్తుందో తెలియాలంటే సముద్రం వైపు కిటికీ ఊచలు చూడండి. రంగు వేసి ఏడాది తిరగకుండానే అతుకుల దగ్గర గోధుమ రంగు చారలు కారుతుంటే, మీ పెనానికి తగులుతున్నదీ ఆ గాలే.

రెండు రకాల ఇనుమూ ఈ గాలికి లొంగేవే, అయితే లొంగే తీరు వేరు. పోత ఇనుములో కర్బనం 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. కరిగిన లోహాన్ని ఇసుక అచ్చులో పోస్తారు కనుక పైభాగం గరుకుగా, సన్నటి గుంటలతో ఉంటుంది. రేకు పెనం కర్బనం బాగా తక్కువ ఉన్న మెత్తని ఉక్కు. నున్నగా, తేలిగ్గా ఉంటుంది. ఆ గరుకుదనం వల్ల పోత ఇనుము మీద నూనె పొర బాగా పట్టుకుంటుంది. ఒకసారి నల్లగా కుదిరిందంటే ఏళ్ల తరబడి నిలుస్తుంది. కానీ పొర చెదిరిన చోట తుప్పు కూడా ఆ గుంటల్లోకే దిగుతుంది, తోమితే ఒక పట్టాన వదలదు. రేకు పెనం మీద పొర పలచగా ఉంటుంది, త్వరగా ఊడుతుంది, తుప్పూ త్వరగానే పడుతుంది. అయితే ఆ తుప్పు పైపైనే ఉంటుంది కాబట్టి కాస్త చింతపండు, కొబ్బరి పీచు ఉంటే కాసేపట్లో వదిలిపోతుంది.

ఇక్కడే నా తీర్పు తేలిపోతుంది. రోజు విడిచి రోజైనా అట్టు పోసే ఇంట్లో పోత ఇనుమే మేలు, మరో మాట లేదు. వాడిన ప్రతిసారీ కాసింత నూనె కాలి పాత పొర మీద కొత్త పొర పడుతుంది, తుప్పుకు సందు దొరకదు. నౌకాదళంలో పనిచేస్తూ బదిలీల మీద తిరిగేవారు, పిల్లల దగ్గరికి వెళ్లి నెలల తరబడి ఇల్లు తాళం పెట్టేవారు, ఆదివారం మాత్రమే దోసెలు వేసుకునేవారు రేకు పెనం కొనుక్కోవడం మంచిది. చెడినా బాగుచేసుకోవడం సులువు, ధర తక్కువ, సామాను సర్దేటప్పుడు బరువు తక్కువ. వీటి మధ్య నన్ను ఎంచుకోమంటే పోత ఇనుమే ఎంచుకుంటాను. మినపరొట్టె దానిలో కాలినట్టు మరి దేనిలోనూ కాలదు. మందపాటి పోత మూకుడులో పిండి పోసి, మూత పెట్టి, సన్నని సెగ మీద వదిలేస్తే అడుగు మాడకుండా దట్టంగా ఎర్రబడుతుంది, లోపల దూదిలా ఉడుకుతుంది. రేకు మూకుడులో సెగ తగిలిన చోట మాడి, పక్కన తెల్లగా ఉండిపోతుంది.

కొన్నాక అసలు పని మొదలవుతుంది. నూనె పట్టించడం గురించి అందరూ మాట్లాడతారు, ఆరబెట్టడం గురించి ఎవరూ మాట్లాడరు. నా దృష్టిలో విశాఖలో పెనం బతికేదీ చచ్చేదీ కడిగిన తర్వాతి అయిదు నిమిషాల్లోనే. అట్లు అయిపోయాక పెనాన్ని గోరువెచ్చగా అయ్యేదాకా చల్లారనిచ్చి, గోరువెచ్చని నీళ్లతోనే కడగాలి. కాలుతున్న పెనం మీద చన్నీళ్లు గుమ్మరిస్తే పోత ఇనుము పగిలే ప్రమాదం ఉంది, రేకు పెనం వంకరపోతుంది. గుడ్డతో తుడిచి అక్కడితో వదిలేయవద్దు. మళ్లీ స్టవ్ మీద పెట్టి చిన్న మంట మీద వేడి చేయండి. నడిమి భాగం ముందే ఆరిపోతుంది, మోసపోకండి. తడి దాక్కునేది పిడి అతికిన మూలలో, అంచు కింద వెనకవైపున. అక్కడ చెమర్చినట్టు కనిపించేది కూడా పోయాక మంట ఆపి, రెండు చుక్కల నూనె వేసి మొత్తం రాసి, ఇంకొక పొడి గుడ్డతో ఆ నూనెను తుడిచేయాలి. రాసిన నూనెంతా తీసేస్తున్నామా అనిపించేలా తుడవాలి. మిగిలిపోయిన నూనె రెండు రోజుల్లో బంకగా మారి, ముక్కిపోయిన వాసన కొడుతుంది.

పెనం బాగుందో లేదో అనుమానం వస్తే తెల్లని గుడ్డను పొడిగా పెట్టి ఒకసారి రుద్ది చూడండి. గుడ్డకు నల్లగా అంటితే మసి, కాలిన నూనె రజను, కంగారు పడాల్సింది లేదు. ఇటుక రంగు అంటితే తుప్పు మొదలైనట్టే.

పెనాన్ని ఎక్కడ పెడుతున్నారన్నది కూడా అంతే ముఖ్యం. మన అపార్ట్‌మెంట్లలో గిన్నెలు తోమేది వాష్ ఏరియాలో. మధ్యాహ్నం సముద్రపు గాలి తిన్నగా తగిలేదీ అక్కడే. తోమిన గిన్నెలతో పాటు పెనాన్ని కూడా బుట్టలో బోర్లిస్తే సాయంత్రానికి అంచు ఎర్రబడుతుంది. గిన్నెలు తోమే ఆమెకు మొదటిరోజే చెప్పేయండి, పెనం, మూకుడు మాత్రం నేనే చూసుకుంటానని. ఆమెకు ఒక పని తగ్గుతుంది, పెనానికి ఇనుప పీచు బాధ తప్పుతుంది. సింకు కింది అరలో పెట్టవద్దు. ప్లాస్టిక్ సంచిలో చుడితే తేమ లోపలే ఉండిపోతుంది. స్టవ్‌కు దగ్గర్లో, పొడిగా ఉండే పై అర దానికి సరైన చోటు.

సబ్బు తగిలితే పెనం పాడైపోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు. పూర్వం ఘాటైన క్షారం ఉన్న సబ్బులు, బూడిద వాడేవారు కాబట్టి నూనె పొర పోయేది. ఇప్పటి గిన్నెల లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి మెత్తటి పీచుతో తోమితే, కుదిరిన పొరకు ఏమీ కాదు. నేను వద్దనేది కల్లుప్పుతో రుద్దడం. వీడియోల్లో అందరూ చెప్పేది అదే. సరిగ్గా కడిగితే తప్పు లేదు కానీ, ఉప్పు గాలిలో ఉన్న ఊళ్లో గరుకు పెనం గుంటల్లోకి చేతులారా ఉప్పు ఎక్కించడం దేనికి? గుప్పెడు బియ్యపు రవ్వ, కొబ్బరి పీచుతో రుద్దితే అదే పని అవుతుంది, జిడ్డు కూడా పీల్చుకుంటుంది. తీరం దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఇళ్లలో చివరి కడుగు మంచినీళ్లతో కడగాలి.

ఏ నూనె మంచిదన్నది తర్వాతి ప్రశ్న. పెనం మీద నల్లటి పొర అంటే మరేమీ కాదు, వేడికి గాలిలోని ఆక్సిజన్ తగిలి నూనె అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడటమే. అసంతృప్త కొవ్వులు ఎక్కువున్న నూనె అంత త్వరగా గట్టిపడుతుంది. కొబ్బరినూనెలో అవి బాగా తక్కువ, కాబట్టి పొర కట్టడానికి పనికిరాదు. అవిసె నూనె అన్నిటికన్నా త్వరగా, అద్దంలా మెరుస్తూ గట్టిపడుతుంది, కొన్నాళ్లకు పెచ్చులుగా లేచిపోతుంది. కొత్త పెనానికి పొర కట్టడానికి మామూలు సన్‌ఫ్లవర్ నూనె చాలు. రోజువారీ తుడుపుకు నేను పప్పునూనె (నువ్వుల నూనె) వైపు మొగ్గుతాను, నువ్వుల్లో సహజంగా ఉండే పదార్థాల వల్ల అది త్వరగా ముక్కిపోదు. వేరుశనగ నూనె రెండు పనులకూ నడుస్తుంది.

కొత్త పెనానికి నూనె పట్టించే పద్ధతి మీకు తెలిసిందే కనుక ఒక్క సంగతి చెప్పి వదిలేస్తాను. గ్యాస్ స్టవ్ మీద మంట తగిలేది మధ్యలోనే. పెనాన్ని కదపకుండా ఉంచితే నడుమ నల్లబడి, అంచులు బూడిద రంగులో మిగిలి, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. పొగ వచ్చి తగ్గేదాకా పెనాన్ని కొద్దికొద్దిగా జరుపుతూ అంచులను కూడా మంట మీదికి తేవాలి. కిటికీలు తెరిచి, పలుచని పూతతో మూడు నాలుగు సార్లు చేయాలి. ఒకేసారి దట్టంగా పూస్తే జిగురు తేలుతుంది.

తుప్పు పట్టేసిన పెనాన్ని పారేయాల్సిన పని లేదు. చిక్కటి చింతపండు గుజ్జు పట్టించి అరగంట ఆగి తోమండి. రాత్రంతా నానబెట్టకండి, ఆమ్లం ఇనుమునే తినడం మొదలుపెడుతుంది. కడిగిన వెంటనే మంట మీద ఆరబెట్టి నూనె రాయాలి. తోమి తెల్లగా తేలిన ఇనుము ఈ గాలిలో చూస్తుండగానే మళ్లీ ఎర్రబడుతుంది.

చింతపండు తుప్పును తీసినట్టే నూనె పొరనూ తీస్తుంది. కాబట్టి చేపల పులుసు, పప్పుచారు ఇనుములో వండవద్దు. పొర పోతుంది, పులుసు నల్లబడుతుంది, ఇనుప రుచి వస్తుంది. కోనాం చేప ముక్కల వేపుడుకు మాత్రం కుదిరిన పోత పెనాన్ని మించింది లేదు. ముక్క వేశాక కదపకుండా వదిలేస్తే, కాలిన తర్వాత దానంతట అదే పెనాన్ని వదులుతుంది. ఒక ఇబ్బంది ఉంది: నూనె పొర వాసనను పట్టి ఉంచుతుంది. మర్నాడు అట్టు పోస్తే నీచు వాసన తెలుస్తుంది. చేపలు తరచుగా వండే ఇంట్లో అట్లకు పోత పెనం, చేపలకు చవకైన రేకు పెనం విడిగా ఉంచుకోవడమే దారి.

ఆరోగ్యం మాటకొస్తే, ఇనుప పాత్రలో వండితే ఆహారంలోకి కొంత ఇనుము చేరుతుందన్నది 1986లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం స్పష్టంగా చూపింది. పులుపు, తడి, ఉడికే సమయం ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ చేరుతుంది. రెండు నిమిషాల్లో కాలే అట్టుతో ఒరిగేది తక్కువే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. పెనం మారిస్తే చాలు అనుకుని వైద్యుడిచ్చిన మాత్రలు మానేయకూడదు. అప్పుడప్పుడు ఆకుకూర వేపుడు ఇనుప మూకుడులో చేసుకుంటే మంచిదే.

నాన్‌స్టిక్‌కు తుప్పు బాధ లేదు, బరువు లేదు. మణికట్టు నొప్పులున్న పెద్దవాళ్లు రెండు కిలోలకు పైగా ఉండే పోత పెనాన్ని ఎత్తలేరు, వాళ్లకు నేను నాన్‌స్టిక్ వద్దని చెప్పను. కానీ దోసె ఎర్రగా, కరకరలాడుతూ రావాలంటే పెనం 200 డిగ్రీల దగ్గరికి వేడెక్కాలి. నాన్‌స్టిక్ పాత్రలను 170 డిగ్రీలు దాటి వేడి చేస్తే ప్రమాదమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో హెచ్చరించింది. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద పెట్టి ఫోను మాట్లాడుతుంటే ఆ హద్దు ఎప్పుడు దాటిందో తెలియదు. పూత గీతలు పడ్డాక దానికి మరమ్మతు కూడా లేదు. గుడ్డు అట్టుకు, మెత్తటి అట్లకు, సన్నటి సెగ మీద, చెక్క గరిటెతో వాడుకోండి. గ్రానైట్ పూత, స్టోన్ పూత అని అమ్మేవాటిలో చాలా వరకు ఉన్నది కూడా ఈ నాన్‌స్టిక్ పూతే.

స్టీలు పెనం చపాతీకి ఫరవాలేదు, అట్టుకు అంటుకుంటుంది. అల్యూమినియం త్వరగా వేడెక్కుతుంది, ఇండక్షన్ మీద పనిచేయదు. పింగాణీ పూత వేసిన పోత ఇనుము పులుసులకు బాగుంటుంది, ధర ఎక్కువ. రాచ్చిప్ప (రాతి గిన్నె) ఉన్నవారికి దాని అవసరం లేదు.

పూర్ణా మార్కెట్‌కో కురుపాం మార్కెట్‌కో కొనడానికి వెళితే, పోత పెనాన్ని పిడి పట్టుకుని వేలాడదీసి గరిటెతో కొట్టి చూడండి. గంటలా మోగాలి. బొంగురు చప్పుడు వస్తే ఎక్కడో బీట ఉంది. నూనె గుడ్డతో గట్టిగా రుద్దినప్పుడు నల్లరంగు దండిగా దిగితే అది నూనె పొర కాకపోవచ్చు, రంగు పూసి ఉండవచ్చు, వదిలేయండి. పెద్దది కదా అని పన్నెండు అంగుళాల పెనం జోలికి వెళ్లకండి. పోత ఇనుములో వేడి నెమ్మదిగా పాకుతుంది, ఇంటి స్టవ్ మంట అంత దూరం చేరదు. నడుమ మాడి, అంచుల్లో పిండి పచ్చిగా ఉంటుంది. పది అంగుళాలది తీసుకుని, మొదటి అట్టుకు ముందు చిన్న మంట మీద అయిదారు నిమిషాలు వేడెక్కనివ్వండి.