చంకలో మ్యాగజైన్: టావర్ ఎక్స్95తో ఆరేళ్లు

"ఇదేంటి బావా, మ్యాగజైన్ చంకలో పెట్టారు?" నా టావర్ ఎక్స్95 రైఫిల్‌ని మొదటిసారి చూసి మా బావమరిది అడిగిన మాట ఇది. బుల్‌పప్ అంటే ఏంటో ఇంతకంటే తేలిగ్గా నేనూ చెప్పలేను. మామూలు రైఫిల్లో ట్రిగ్గర్‌కి ముందుండే, తూటాలు నింపే మ్యాగజైను, తూటా పేలే చాంబరు ఇందులో వెనక్కి జరిగి, భుజానికి ఆనించే స్టాక్‌లోకి దూరిపోతాయి. మన పేపర్లలో సీఆర్‌పీఎఫ్ కోబ్రా దళాల ఫొటోల్లో కనిపించే పొట్టి తుపాకి ఈ కుటుంబానిదే.

మేముండేది డాలస్ దగ్గర. నెలకి ఒకటి రెండు శనివారాలు షూటింగ్ రేంజ్‌కి వెళ్తాను. అంతకుముందు నుంచీ ఇంట్లో మామూలు అమరిక ఉన్న ఏఆర్-15 రైఫిల్ ఉంది కాబట్టి పోలికంతా దానితోనే.

కొన్నది పొడవు చూసే. అమెరికాలో రైఫిల్ బ్యారెల్ (గొట్టం) 16 అంగుళాల కంటే గానీ, మొత్తం పొడవు 26 అంగుళాల కంటే గానీ తగ్గితే ఫెడరల్ చట్టం దాన్ని వేరే కేటగిరీలో పెడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పదు. ఎక్స్95 బ్యారెల్ 16.5 అంగుళాలు, మొత్తం పొడవు 26.1. సరిగ్గా గీత దగ్గర ఆపారు! నా ఏఆర్ స్టాక్‌ని పూర్తిగా లోపలికి నెట్టినా దీనికంటే అరడుగు ఎక్కువే ఉంటుంది. బ్యారెల్ మాత్రం కోత పడలేదు కాబట్టి తూటా వేగమూ తగ్గలేదు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని ఊరికే అనలేదు.

బరువు ఖాళీగా 7.9 పౌండ్లు, మూడున్నర కిలోల పైమాటే. కానీ ఆ బరువంతా భుజం దగ్గరే ఉంటుంది. నిండు బిందెని చంకనెత్తుకోవడానికీ, చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఎంత తేడానో ఇక్కడా అంతే. కుడిచేత్తో భుజానికి ఆనించి పట్టుకుని, ఎడమచేత్తో తలుపు తీయొచ్చు. ఏఆర్‌తో అలా చేస్తే నిమిషంలో మణికట్టు పట్టేస్తుంది.

ఇక ట్రిగ్గర్. వేలు ముందు, తూటాని పేల్చే హేమర్ వెనక, మధ్యలో పొడవాటి కడ్డీ. వేలి నొక్కు ఆ కడ్డీ మీదుగా వెనక్కి చేరాలి. పాత సైకిల్ బ్రేకు నొక్కినట్టు కాస్త జారుతుంది, కాస్త సాగుతుంది, ఎక్కడ తెగి తూటా పేలుతుందో వేలికి స్పష్టంగా అందదు. మొదటి తరం టావర్ కంటే ఇది చాలా నయం, నిజమే. అయినా వంద గజాల దగ్గర అదే తూటాలతో నా ఏఆర్ అన్ని రంధ్రాలనీ రెండంగుళాల వెడల్పులో గుచ్చితే, ఇది మూడు దాటిస్తుంది. అందులో సగం తప్పు నాదే అనుకోండి.

మ్యాగజైన్ మార్చడానికి మొదటి ఏడాదంతా తల వంచి చంక కిందకి చూశాను. ఇప్పుడు చూడను, కానీ మోచెయ్యి పైకి లేవక తప్పదు. బోర్లా పడుకుని మార్చడం మరీ అవస్థ. ఒక్కటి మెచ్చుకోవాలి: చాంబర్‌ని మూసే బోల్ట్‌ని వదిలే మీట మ్యాగజైన్ వెనకే ఉంది. కొత్తది దూర్చగానే బొటనవేలు దానంతటదే అక్కడికి వెళ్తుంది.

పొట్టిదనానికి చెల్లించే అసలు మూల్యం మొహం దగ్గర. చాంబర్ చెంప కిందే ఉంటుంది, బ్యారెల్ చివర కూడా దగ్గరికి వచ్చేస్తుంది. ఇండోర్ రేంజ్‌లో చెవిలో ప్లగ్గులు పెట్టి, పైన చెవులు మూసే మఫ్ కూడా వేస్తాను. ఒకసారి చప్పుడు తగ్గించే స్నేహితుడి సప్రెసర్‌ని బ్యారెల్‌కి తగిలించి పాతిక తూటాలు కాల్చేసరికి గ్యాస్ వెనక్కి తన్ని, ఉల్లిపాయలు కోసినట్టు కళ్లు నీళ్లు కారాయి. బుల్‌పప్పులన్నిటికీ ఈ బెడద ఎంతో కొంత ఉంటుంది.

మా ఆవిడది ఎడమచేతి వాటం. తూటా పేలాక దాని ఖాళీ షెల్ కుడివైపు నుంచి ఎగురుతుంది, అంటే ఆమె ఎడమ భుజానికి ఆనిస్తే నేరుగా మొహం మీదికే. ఎడమవైపు మార్చుకునే వీలుంది గానీ దానికి వేరే బోల్ట్ కొనాలి. నేను అది కొనకుండానే "ఒక్కసారి చూడు" అని ఇచ్చాను. వేడి షెల్ దవడకి తగిలింది. ఆ తర్వాత నాకు తగిలినవి ఇక్కడ రాయను.

ఫ్రాన్స్ సైన్యం కూడా 2016లో తన బుల్‌పప్ రైఫిల్ ఫమాస్ స్థానంలో మామూలు అమరిక ఉన్న హెచ్‌కే416 రైఫిల్‌ని ఎంచుకుంది. చైనా కూడా 2019 పరేడ్‌లో బుల్‌పప్ కాని కొత్త రైఫిల్ చూపించింది. సప్రెసర్లు, చేతుల పొడవులు, ఎడమచేతి వాటాలు, వాళ్లవీ నా తిప్పలే అయ్యుంటాయని నా ఊహ.

అయినా దీన్ని అమ్మేయను. ఇంట్లోకి, కారు ప్రయాణాలకి ఇదే, గురి చూసి కాల్చడానికి ఏఆర్. కొనాలనుకునేవాళ్లు ముందు రేంజ్‌లో అద్దెకి తీసుకుని చూడండి. దీని స్టాక్ ముందుకీ వెనక్కీ జరగదు. ఐదున్నర అడుగుల లోపు ఎత్తున్నవాళ్లు చలికాలం జాకెట్ వేసుకుని మరీ భుజానికి ఆనించి, ట్రిగ్గర్ దాకా వేలు హాయిగా చేరుతోందో లేదో అక్కడే తేల్చుకోండి.