రెండు లూర్లు, ఒకే లైన్: మూడు కళ్ల స్వివెల్ నాలుగేళ్లు వాడాక

మూడు కళ్ల స్వివెల్ అంటే మూడు రంధ్రాలతో గిరగిరా తిరిగే చిన్న ఇత్తడి ముక్క, ఒక కంటికి రాడ్ నుంచి వచ్చే లైన్, మిగతా రెండింటికి చెరో లూర్ (చేపని ఆశపెట్టే ఉత్తుత్తి ఎర) వెళ్లే లైన్ కడతాం. దాన్ని కొన్న కొత్తలో కనిపించినవాళ్లందరికీ "ఇది కొనండి, ఒకే లైన్‌కి రెండు లూర్లు కట్టుకోవచ్చు, చిక్కే పడదు" అని చెప్పాను. డాలస్ చుట్టుపక్కల చేపలు పట్టే మనవాళ్లు ముగ్గురు నా మాట మీద కొన్నారు కూడా. నాలుగేళ్లు వాడాక ఆ మాటని అలాగే వదిలేయడం నాకు నచ్చలేదు. పడవలోంచి నిలువుగా కిందికి దించి ఆడించేవాళ్లకి అది ఇప్పటికీ మంచి వస్తువే. గట్టు మీద నిలబడి దూరం విసిరేవాళ్లకి మాత్రం ఇక చెప్పను. ఏడాదిన్నరగా నా రెండు లూర్లూ ఒక్క ముడి మీదే నడుస్తున్నాయి, స్వివెల్ లేదు, పూస లేదు, ఏమీ లేదు.

నేను పట్టేది ఎక్కువగా వైట్ బాస్, ఇక్కడివాళ్లు శాండ్ బాస్ అంటారు. చలికాలం ముందు అవి వేలెడంత కూడా లేని షాడ్ చేప పిల్లల్ని తరుముతూ గుంపులుగా పైకి వస్తాయి. ఆ సైజు జిగ్ (తలకి చిన్న బరువు ఉన్న కొక్కెం లూర్) ఒక్కదాన్నే విసిరితే పది గజాలు కూడా పోదు. అందుకే కింద ముప్పావు ఔన్సు స్లాబ్ (బరువైన లోహపు బిళ్ల లాంటి లూర్), దానికి మూరెడు పైన చిన్న తెల్ల జిగ్. స్లాబ్ బరువు దూరం తీసుకెళ్తుంది, జిగ్ చేపని పిలుస్తుంది. ఇంతవరకూ ఇక్కడ అందరికీ తెలిసిందే, గొడవంతా ఆ పై జిగ్‌ని లైన్‌కి ఎలా తగిలించాలన్న దగ్గరే.

రెండేళ్ల కిందట నవంబర్లో ఒక పొద్దున రే హబ్బర్డ్ లేక్ గట్టు మీద ఉన్నాం, నేనూ ఇండియా నుంచి వచ్చిన మా బావమరిదీ. చిన్నప్పుడు కాలవ గట్టున గాలానికి ఎర్ర గుచ్చి జెల్లలు పట్టిన చెయ్యే గానీ లూర్ పట్టుకోవడం అతనికి అదే మొదలు. గంటసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి సీగల్స్ గుంపు నీళ్ల మీదకి పడిపోవడం మొదలుపెట్టింది, వాటి కింద నీళ్లు ఎసరు మరిగినట్టు మరుగుతున్నాయి, అది కూడా మేము విసిరితే అందే దూరంలో. విసిరాను. సగం దూరంలోనే లూర్లు గిరగిరా తిరిగి దబ్బున పడ్డాయి. లాగి చూస్తే జిగ్ లైన్‌ని నాలుగైదు చుట్లు చుట్టేసి, వెళ్లి స్లాబ్ కింద ఉన్న మూడు ముళ్ల కొక్కెంలో దిగి ఉంది. చలికి వేళ్లు వంగడం లేదు, ఒక చుట్టు విప్పితే ఇంకోటి బిగుస్తోంది, కళ్లముందు చేపలు ఎగురుతున్నాయి, ఆ టెన్షన్‌లో కొక్కెం బొటనవేల్లో దిగింది. "కోసేయండి బావా" అంటాడు అతను. కోస్తే స్వివెల్‌కి మూడు, లూర్లకి రెండు, అయిదు ముడులు మళ్లీ వేయాలి. వేసి తలెత్తేసరికి పక్షులు అవతలి ఒడ్డుకి వెళ్లిపోయాయి. అతను వారంలో తిరిగి వెళ్లిపోయాడు, అలాంటి పొద్దు మళ్లీ చూపించలేకపోయానని నాకు ఇప్పటికీ మనసులో ఉంది.

తర్వాత అదే స్వివెల్‌ని ఇంటి వెనక గడ్డిలో విసిరి విసిరి చూశాను. స్వివెల్‌కి దాని బరువు దానికి ఉంటుంది, కాబట్టి గాల్లో ఎగిరేది రెండు కాదు, మూడు బరువులు, ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి అదే చాలు. పైగా పక్కకి పోయే కొమ్మని, అంటే జిగ్ కట్టే లైన్ ముక్కని, నేను ఎనిమిది అంగుళాలు పెట్టేవాణ్ని, జిగ్ స్వేచ్ఛగా ఆడాలని. ఆ పొడవుకి మెత్తటి లైన్ అయితే వాలిపోయి అసలు లైన్‌నే చుట్టుకుంటుంది. ఇంకో నష్టం, రీల్ మరీ దగ్గరికి చుట్టినప్పుడల్లా ఆ ఇత్తడి ముక్క రాడ్ కొసనున్న రింగుకి టంగుమని కొట్టుకునేది. ఒక రాడ్‌కి ఆ రింగు లోపలి పింగాణీ పగిలి లైన్‌ని కోసేసింది కూడా.

ముడి సంగతి తెలిసింది అవసరం కొద్దీనే. రే రాబర్ట్స్ లేక్‌లో నీళ్లలో మునిగిన చెట్లు చాలా ఉంటాయి, ఒక సాయంత్రం మొత్తం మూడు సెట్లు వాటికే సమర్పించాను, డబ్బాలో ఇంక స్వివెల్ లేదు. ఉన్న 20 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్‌కి (లైన్ చివర కట్టే గరుకైన ముక్కకి) ఇంకో మూరెడు ముక్క సర్జన్స్ నాట్‌తో అతికాను, మూడుసార్లు తిప్పి, ఉమ్మితో తడిపి, నాలుగు కొసలూ కలిపి లాగి. మామూలుగా మిగిలిన కొసలు కత్తిరించేస్తాం కదా, ఆ రోజు ఒకటి కత్తిరించకుండా నాలుగు అంగుళాలు ఉంచి దానికే జిగ్ కట్టాను. చీకటి పడేదాకా విసిరితే ఒక్కసారి చుట్టుకుంది, అంతే. నమ్మలేక మర్నాడు మళ్లీ వెళ్లాను.

ఏ కొస ఉంచాలన్నది ముఖ్యం. ముడి దగ్గర ఒక కొస పైకి, రాడ్ వైపు చూస్తుంది, ఇంకోటి కిందికి, స్లాబ్ వైపు చూస్తుంది. ఆ కిందికి చూసేది పై ముక్కకి కొనసాగింపే, అంటే జిగ్‌కి తగిలిన చేప నేరుగా రాడ్ వైపు లైన్ మీదే ఉంటుంది, ముడి జారినా పోయేది స్లాబ్ గానీ ఆ చేప కాదు. పైకి చూసేదాన్ని మొదట్లోనే కత్తిరించేయండి. కొస నాలుగు అంగుళాలు దాటొద్దు, లైన్ గరుగ్గా ఉండాలి, వేలితో వంచి వదిలితే మళ్లీ నిటారుగా లేవాలి. ఈ ముడి వేశాకే స్లాబ్ కట్టాలి, ఎందుకంటే ముడి వేసేటప్పుడు కింది ముక్క మొత్తం దాని ఉచ్చులోంచి దూరాలి. జిగ్ మార్చినప్పుడల్లా కొస అరంగుళం తరుగుతుంది, రెండు అంగుళాలకి వస్తే లీడర్ కొత్తది వేసుకోవడమే.

విసరడంలో కూడా ఒకటి మార్చుకున్నాను. లూర్లు నీళ్లని తాకే ముందు చూపుడు వేలు రీల్‌లో లైన్ చుట్టి ఉండే స్పూల్ అంచుకి ఆనిస్తాను. లైన్ ఒక్క క్షణం బిగుసుకుంటుంది, స్లాబ్ ముందు, జిగ్ వెనక, తీగ లాగినట్టు సాపుగా పడతాయి. ఈ వేలు అలవాటు స్వివెల్ రోజుల్లోనే ఉండి ఉంటే దాన్ని ఇంతగా తిట్టుకునేవాణ్ని కాదేమో, ఆ మాట కూడా ఒప్పుకోవాలి.

రెండు చేపలు ఒకేసారి పడటం మాత్రం ఎన్నిసార్లయినా పాతబడదు. మొదటిది తగలగానే లాగేయకుండా రెండు మూడు క్షణాలు ఆగండి. దాని నోట్లో ఏముందో లాక్కుందామని తోటి చేపలు వెంటపడతాయి, వాటిలో ఒకటి రెండో లూర్ పట్టేస్తుంది. అప్పటిదాకా ఒకవైపే లాగుతున్న రాడ్ ఒక్కసారిగా బరువెక్కి, లైన్ ఒకచోటే నిలబడి వణుకుతుంది, ఎందుకంటే ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. నా లెక్కలో ఎక్కువ చేపలు పై జిగ్‌కే. రెండేసి వస్తుంటే లెక్క తప్పుతుంది, టెక్సస్‌లో ఇవి రోజుకి మనిషికి 25, ఒక్కోటి 10 అంగుళాలు ఉండాలి, అందుకని నేను పైకే లెక్కపెడతాను.

ఇదంతా పౌండు, రెండు పౌండ్ల చేపల మాట. ఒకసారి రెండు లూర్లకీ వీటికంటే బాగా పెద్దవైన హైబ్రిడ్ స్ట్రైపర్ చేపలు పడ్డాయి, చెరోవైపు గుంజేసరికి సరిగ్గా ముడి దగ్గరే తెగింది. అవి ఎక్కువగా తిరిగే చోటైతే ఒకటే లూర్ కట్టుకోండి. ఎదురుగాలి బాగా ఉన్నప్పుడు ఈ ముడి కూడా చిక్కుపడుతుంది. పిల్లలతో వెళ్తే అసలు వద్దు. ఒక చేపని పట్టుకుని కొక్కెం తీస్తుంటే రెండోది ఎగిరి దాని కొక్కెం మన చేతిలో దించుతుంది, మా అబ్బాయికి అందుకే ఇంకా ఇవ్వలేదు.

మిగిలిన స్వివెల్స్ స్నేహితుడి పడవలో పెట్టాను, అక్కడ నిలువుగా దించడానికి బాగానే పనికొస్తున్నాయి. ఫిబ్రవరి, మార్చిల్లో చేపలు గుడ్లు పెట్టడానికి వాగుల్లోకి ఎదురెక్కినప్పుడు మాత్రం ముడీ లేదు, స్వివెల్ లేదు, ఒక్క జిగ్‌తోనే వేస్తాను. అక్కడ అడుగంతా కొమ్మలూ రాళ్లూ, ఒకటి పోతేనే బాధ.