ఈస్టర్ నుంచి పెంతెకొస్తు దాకా ఆదిసంఘపు రాతలు: కొన్నేళ్లు చదివాక

శ్రమదినాల్లో ధ్యానాలకు మన ఇళ్లల్లో కొదవేమీ ఉండదు. భస్మ బుధవారం నుంచి నలభై రోజుల పుస్తకాలు, ఇంటింటా కూటాలు, గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు. ఈస్టర్ తెల్లవారుజామున నారాయణగూడ సమాధులతోటలో కొవ్వొత్తులు వెలిగించి, ఆరాధన చేసుకుని, మధ్యాహ్నం బిర్యానీతో పండుగ ముగిస్తాం. సోమవారం ఆఫీసు. పెంతెకొస్తు దాకా యాభై రోజులూ పండుగేనన్న సంగతి క్యాలెండర్‌లోనే ఉండిపోతుంది. ఈ వెలితి నాకు ఎప్పుడూ బాధగానే ఉండేది. అందుకే ఆ రోజుల కుటుంబ ప్రార్థనలో, బైబిల్ అధ్యాయం అయ్యాక, ఆదిసంఘం పెద్దల రాతలు, అంటే అపొస్తలుల తర్వాతి తొలి శతాబ్దాల క్రైస్తవుల రాతలు, చదవడం మొదలుపెట్టాం. ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పడం నా పని.

ఎవరు ఎప్పుడు పుట్టారు, ఏ ప్రతి ఎక్కడ దొరికిందన్న వివరాల జోలికి పోను. మా ఇంటిని మార్చిన ఒక్క సంగతి చెబుతాను. మూడో శతాబ్దం మొదట్లో ఉత్తర ఆఫ్రికా క్రైస్తవ రచయిత టెర్టూలియన్ రాశాడు: ఆదివారం ఉపవాసం ఉండటం, మోకరించి ప్రార్థించడం తగదని, ఈస్టర్ నుంచి పెంతెకొస్తు దాకా అదే స్వేచ్ఛ తమకు ఉందని. 325లో బిషప్పులు కూడిన నైసియా సభ తన ఇరవయ్యో నియమంలో అదే మాట చెప్పింది. ఆ రోజుల్లో నిలబడి ప్రార్థించాలి.

ఇది విన్నప్పుడు మా మామయ్యగారు వెంటనే ఒప్పుకోలేదు. "మిలేతులో పౌలు మోకాళ్లూని ప్రార్థించాడు కదమ్మా, అది పెంతెకొస్తుకి ముందేగా?" అన్నారు. అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయం తీసి చూస్తే నిజమే. పెంతెకొస్తుకి యెరూషలేము చేరాలని తొందరపడుతున్న ప్రయాణంలోనే ఎఫెసు పెద్దలతో మోకరించాడు. కాబట్టి ఇది ఆజ్ఞ కాదు, సంఘం తర్వాత పాటించుకున్న అలవాటు. అయినా మర్నాడు పొద్దున ఆయనే అందరికంటే ముందు లేచి నిలబడ్డారు. మోకాళ్లు వంగక ఆయన చాలాకాలంగా కుర్చీలోనే ప్రార్థిస్తున్నారు, పిల్లలంతా మోకరిస్తుంటే తానొక్కడే కూర్చోవడం ఆయనకి చిన్నతనంగా ఉండేది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడి, "ఈ యాభై రోజులూ నేనూ మీతో సమానమే" అన్నారు. ఈ రాతల వల్ల ఇంకేమీ రాకపోయినా నాకు అది చాలు. చర్చిలో మాత్రం అందరూ మోకరిస్తే మేమూ మోకరిస్తాం. అన్నిచోట్లా ఒకే పద్ధతి ఉండాలనే కదా నైసియా ఆ నియమం పెట్టింది!

బాధపెట్టినదీ ఉంది. రెండో శతాబ్దంలో సార్దీస్ బిషప్పు మెలిటో చేసిన పస్కా పండుగ ప్రసంగం 1940లో గానీ అచ్చుకి రాలేదు. హేబెలులో చంపబడినవాడు, ఇస్సాకులో కట్టబడినవాడు, యోసేపులో అమ్మబడినవాడు ఈయనే అంటూ సాగే చోట ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఆ తర్వాత ఇశ్రాయేలు జనమంతటి మీదా నేరం మోపుతూ పేజీలకు పేజీలు. గుడ్ ఫ్రైడే సాయంత్రం అది వింటూ మా అమ్మాయి, "అమ్మా, వాళ్లందరూ చేశారా?" అని అడిగింది. ఆ మధ్యాహ్నమే చర్చిలో మొదటి మాట విని వచ్చాం, "తండ్రీ, వీరిని క్షమించుము" అని. ప్రభువూ యూదుడే, మరియా యూదురాలే, పేతురూ అంతే. యూదుల మీద ఇలాంటి నిందలు తర్వాతి శతాబ్దాల్లో ఎంత రక్తం తాగాయో తెలిసినవాళ్లెవరూ దాన్ని ధ్యానంగా చదవలేరు. ఇప్పుడు ఆ భాగం పూర్తిగా వదిలేసి, చివర్లో క్రీస్తు "నేనే మీ క్షమాపణ, నేనే మీ పునరుత్థానం" అనే చోటుకి వెళ్తాను.

మరణశిక్షకు రోముకి తీసుకెళ్తున్న దారిలో అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ రాసిన పత్రికలు ఎప్పుడు చదివినా బాగుంటాయని మా స్త్రీల సమాజంలో చాలాసార్లు చెప్పాను. అన్నీ అలా కావు. రోమీయులకు రాసినదాంట్లో తాను దేవుని గోధుమనని, మృగాల పళ్ల మధ్య నలగనివ్వమని, తనని కాపాడొద్దని వేడుకుంటాడు. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్న ఏడాది ఆ మాటలు నోట రాలేదు. మొదటి శతాబ్దం చివర రోము సంఘపు పెద్ద క్లెమెంట్ రాతల్లో పునరుత్థానానికి గుర్తుగా పగలూ రాత్రీ, విత్తనం వస్తాయి. అవి అందరికీ అందుతాయి. చచ్చి మళ్లీ పుడుతుందని కథల్లో చెప్పే ఫీనిక్స్ పక్షిని ఆయన నిజంగా ఉన్నదనే నమ్మి చెబుతాడు, పిల్లలకి అది మహా ఇష్టం.

మాది పండుగల క్యాలెండర్ పాటించే సంఘం, ఆఫీసుకి బయల్దేరేలోపు అందరం ఒకచోట చేరే ఇల్లు. అందుకే కుదిరింది. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకి నేనైతే ముందు అపొస్తలుల కార్యములే చదవమంటాను. ఆ తర్వాత, ఇగ్నేషియస్ స్ముర్న సంఘానికి రాసిన పత్రిక. పదమూడు చిన్న అధ్యాయాలు. లేచిన ప్రభువు "నన్ను పట్టి చూడండి" అని, శిష్యులతో కలిసి తిన్నాడని మూడో అధ్యాయంలో ఉంటుంది. ఈస్టర్ తర్వాతి ఆదివారం, తోమా కథ చదివే రోజు, దాటాక ఆ వారమంతా దానికే ఇవ్వొచ్చు.