ఆరో తరగతి యూనిఫాం సెట్టు, వారాసిగూడ టైలరు: ఏడాది వాడాక నా రివ్యూ

మా అమ్మాయికి ఆరో తరగతిలో కొన్న యూనిఫాం సెట్టుకు 5కి 2 ఇస్తున్నాను. అదే యూనిఫాం ఇంకో జత కుట్టిపెట్టిన సికింద్రాబాద్ వారాసిగూడ టైలరుకు 4.5. సెట్టు కొన్నది స్కూలు వాళ్లు చీటీ మీద రాసిచ్చిన షాపులో. ఆ షాపు పేరు, స్కూలు పేరు రాయడం లేదు. ఇలాంటి చీటీలు సిటీలో చాలామంది తల్లిదండ్రుల చేతుల్లో ఉన్నాయి, నేను చెప్పేది వాళ్లందరికీ పనికొస్తుంది.

నేను సర్కారు బడిలో లెక్కలు చెప్తాను. బడిబట్ట మంచిదా కాదా అని చూడటానికి నాకు ఒకటే లెక్క. పొద్దున తొడుక్కున్న పిల్లకు సాయంత్రం విప్పేదాకా దాని గురించి ఆలోచించాల్సిన పని పడకూడదు. ధ్యాస బోర్డు మీద ఉండాలి, మెడ మీదో నడుం మీదో కాదు.

సెట్టులో చొక్కా, స్కర్టు రెండేసి, శనివారానికి ఒక తెల్ల డ్రెస్సు, టై, బెల్టు, రెండు జతల సాక్సులు. మొత్తం 6,850 రూపాయలు, బూట్లు వేరే. ఒక్క చొక్కా కావాలంటే ఇవ్వరు. "సెట్టే వస్తది మేడమ్" అన్నారు, అంతే.

చొక్కా లోపలి లేబుల్ మీద పాలిస్టర్ 65, కాటన్ 35 అని ఉంది. ఈ గుడ్డకు ఒక సుగుణం ఉంది. తొందరగా ఆరుతుంది, ఇస్త్రీ నిలుస్తుంది. వానాకాలంలో బాల్కనీలో తీగ మీద ఆరేసుకునే మాలాంటి ఇళ్లకు అది చిన్న విషయం కాదు. కానీ పాలిస్టర్ చెమట పీల్చుకోదు. జూన్‌లో బడులు తెరిచేనాటికి మన దగ్గర నాలుగు చినుకులు పడినా ఉక్కపోత తగ్గదు. ఆపైన కాలరు. అది నిలబడటానికి లోపల పెట్టే గట్టి గుడ్డ, బక్రం, నాలుగు ఉతుకులకే ఉబ్బి, అంచు గట్టిపడి, మెడకు రాసుకోవడం మొదలైంది. చెమటకాయల మీద ఆ అంచు రాపిడి, దాని మీద ఎలాస్టిక్ టై. సాయంత్రం వచ్చాక పిల్ల మెడ చుట్టూ ఎర్రటి గీత కనిపించేది. "నాలుగో పీరియడ్‌లో ఏం చెప్పారు?" అని అడిగితే "మెడ మండుతుంటే సరిగ్గా వినలేదమ్మా" అంది. ఆ మాటకు నేను ఒక మార్కు తీసేశాను.

రెండో మార్కు స్కర్టుకు పోయింది. అడుగున మడత అరంగుళం కూడా లేదు. ఈ వయసు ఆడపిల్లలు ఎంత తొందరగా పొడుగవుతారో బట్టలు కుట్టే ప్రతివాళ్లకూ తెలుసు. సంక్రాంతి సెలవుల తర్వాత స్కర్టు మోకాలు దాటి పైకొచ్చింది. విప్పి పొడుగు చేద్దామంటే లోపల గుడ్డ లేదు. స్కూలు డైరీలో మాత్రం స్కర్టు మోకాలి కిందికి ఉండాలని రూలు. గుడ్డ మిగుల్చుకుంది షాపువాళ్లు, అసెంబ్లీలో అందరి ముందు మాట పడింది పిల్ల. ఫిబ్రవరిలో ఇంకో స్కర్టు కొన్నాం, రెండు నెలల కోసం.

మూడో మార్కు టైకి, బెల్టుకు కలిపి. బెల్టు బకిల్ దసరాకు ముందే ఊడింది. ఇక టై ఎందుకో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. మన ఎండలకు, మన గదులకు అది అనవసరం. పదకొండేళ్ల పిల్లల మెడకు కట్టడానికి కారణమే లేదు.

పేరెంట్స్ మీటింగ్‌లో ఇదే అడిగాను. "నీట్‌గా ఉంటే క్రమశిక్షణ వస్తుంది, క్రమశిక్షణ ఉంటే మార్కులు వాటంతటవే వస్తాయి" అన్నారు. చెప్పినవాళ్లు నిజంగా నమ్మే చెప్పారు. నాది కూడా అదే వృత్తి కాబట్టి దీని గురించి దొరికింది చదివాను. అమెరికాలో లాంగ్ బీచ్ అనే ఊరి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా 1994లో యూనిఫాం తప్పనిసరి చేశారు. గొడవలు తగ్గాయని పేరొచ్చింది, 1996లో ప్రెసిడెంట్ క్లింటన్ కూడా యూనిఫాంను సమర్థిస్తూ మాట్లాడాడు. కానీ అక్కడ ఆ రోజుల్లో యూనిఫాంతో పాటు ఇంకా కొన్ని మార్పులు చేశారు, ఏది పనిచేసిందో విడదీయడం కష్టం. 1998లో బ్రన్స్‌మా, రాకెమోర్ అనే ఇద్దరు పరిశోధకులు పదో తరగతి పిల్లల వివరాలు పెద్ద ఎత్తున తీసి చూశారు. యూనిఫాం వల్ల హాజరు పెరగలేదు, ప్రవర్తన మారలేదు. చదువులో అయితే యూనిఫాం ఉన్నవాళ్లు కొంచెం వెనకే ఉన్నారు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఆరు వేలకు పైగా చిన్నపిల్లలను ఐదో తరగతి దాకా గమనించిన లెక్కలు చూసినా ప్రవర్తనలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పేదింటి పిల్లల హాజరు మాత్రం కొద్దిగా మెరుగ్గా ఉంది.

ఆ చివరి వాక్యం దగ్గర నేను ఆగాను, ఎందుకంటే అది మా బడిలో నా కళ్ల ముందు కనిపించేదే. కెన్యాలో పిల్లలకు యూనిఫాం ఉచితంగా ఇచ్చి చూస్తే బడి మానేసే రోజులు బాగా తగ్గాయి, అంతకుముందు ఒక్క జత కూడా లేని పిల్లల్లో మరీ ఎక్కువగా తగ్గాయి. కొన్నేళ్లు గడిచాక చూస్తే ఆ లాభం నిలవలేదట. అయినా ఆ మొదటి మాట చాలా విలువైనది. మన సర్కారు బళ్లలో సమగ్ర శిక్ష పథకం కింద ఎనిమిదో తరగతి దాకా ఏడాదికి రెండు జతలు ఇస్తారు, కేంద్రం లెక్క ప్రకారం పిల్లకు 600 రూపాయలు. తెలంగాణలో ఆ గుడ్డ ఎక్కువగా సిరిసిల్ల మరమగ్గాల మీద నేసింది, ఈ మధ్య కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చారు. నా క్లాసులో ఇళ్లలో పనిచేసే అమ్మల పిల్లలున్నారు, బీహార్ నుంచి వచ్చిన కూలీల పిల్లలున్నారు. ఆ రెండు జతలు చేతికొచ్చిన రోజు నుంచి "ఏం తొడుక్కుని రావాలి" అన్న బెంగ వాళ్లకు ఉండదు. యూనిఫాం చేసే నిజమైన మేలు ఇదే అని నా నమ్మకం. అందుకే యూనిఫాం వద్దనే వాళ్లతో నేను ఏకీభవించను. కొత్త జత రాకముందు పాతది వేసుకొచ్చినా, చెప్పులతో వచ్చినా మా గేటు దగ్గర ఎవరినీ ఆపం. లోపలికి రానిస్తేనే కదా చదువు చెప్పేది.

మా అమ్మాయి స్కూల్లో ఆపుతారు. జులైలో ముసురు పట్టి నల్ల బూట్లు రెండో రోజుకు కూడా ఆరలేదు. తెల్ల కాన్వాస్ బూట్లు వేసి పంపాను, డైరీలో కారణం కూడా రాశాను. మొదటి పీరియడ్ మొత్తం వరండాలో నిలబెట్టారు. రిబ్బన్ మరిచిన ఒక అమ్మాయి, జుట్టు చెవుల మీదికి వచ్చిన ఇద్దరు అబ్బాయిలు కూడా పక్కనే. ఆ పీరియడ్‌లో లోపల చెప్పింది భిన్నాల భాగహారం. రెండో భిన్నాన్ని ఎందుకు తలకిందులు చేసి గుణిస్తామో ఒక్కసారి అర్థం కాకపోతే పిల్లలు దాన్ని మంత్రంలా బట్టీ పట్టేస్తారు, ఏడో తరగతిలో నిష్పత్తులు, శాతాలు వచ్చేసరికి కాళ్లు తడబడతాయి. లెక్కల టీచరుగా ఏటా చూస్తున్నాను. నేను ఇంట్లో కూర్చోబెట్టి చెప్పుకున్నాను. మిగతా ముగ్గురికి ఎవరు చెప్పారో తెలియదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టకూడదని మాత్రమే చెప్పి ఊరుకోలేదు, మానసికంగా వేధించకూడదని కూడా చెప్పింది. తడి బూట్ల కోసం నలుగురిలో నిలబెట్టడం దేని కిందికి వస్తుందో స్కూళ్లు ఆలోచించాలి.

అప్పుడే రెండో దారి వెతికాను. ఉమ్మడి రాష్ట్రం నాటి ప్రభుత్వ ఉత్తర్వుల ప్రకారమే ప్రైవేటు స్కూళ్లు ఫలానా షాపులోనే కొనమని బలవంతం చేయకూడదు. 2024లో హైదరాబాద్ జిల్లా విద్యాధికారి కూడా స్కూలు ఆవరణలో యూనిఫాంలు, బూట్లు, బెల్టులు అమ్మొద్దని ఆదేశాలిచ్చారు. ఇది మర్యాదగా ఒక కాగితం మీద రాసి ప్రిన్సిపల్‌గారికి ఇచ్చాను. రంగు, డిజైను కలిస్తే బయట కుట్టించుకోవచ్చని ఒప్పుకున్నారు. అడిగితే ఒప్పుకుంటారు, అడగండి.

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో పాత చొక్కా పట్టుకెళ్లి చూపిస్తే అదే నీలం గళ్లలో కాటన్ వాటా ఎక్కువున్న గుడ్డ దొరికింది. స్కర్టు గుడ్డతో కలిపి 740 రూపాయలు. కుట్టుకూలి 450. షాపు సెట్టులో ఒక జత 1,900 పడింది.

టైలరు మాస్టరుది వారాసిగూడలో ఒక్క షట్టరు కొట్టు. కొలతలు తీసుకునే ముందు పాపను కుర్చీలో కూర్చోమన్నాడు, తర్వాత వంగి బూటు లేసు కట్టుకున్నట్టు చేయమన్నాడు. ఆ తర్వాతే టేపు పట్టాడు. బడిలో పిల్ల నిలబడేదాని కంటే కూర్చునేదే ఎక్కువ కదా, ఆ సంగతి గుర్తుపెట్టుకుని కొలిచింది ఆయనొక్కడే. కాలరులో మెత్తటి బక్రం వేశాడు. స్కర్టు అడుగున మూడంగుళాలు లోపలికి మడిచి చేత్తో హెమ్మింగ్ చేశాడు. "వచ్చే ఏడు పొడుగైతది గదమ్మా, గుడ్డ లోపల్నే పెట్టిన, దారం ఇప్పుకుంటే సాలు" అన్నాడు. నడుం పట్టీ లోపల రెండు హుక్కులు పక్కపక్కన పెట్టాడు, ఒళ్లు చేస్తే జరుపుకోవడానికి. అడగకుండానే జేబు పెట్టాడు. షాపు స్కర్టుకు జేబే లేదు. ఆడపిల్లకు జేబురుమాలు, బస్సు పాసు పెట్టుకునే చోటు ఉండాలని వాళ్లకు తోచలేదు.

ఇప్పుడు ఏడో తరగతి. స్కర్టు మడత ఒకసారి విప్పాం, ఇంకో అంగుళంన్నర మిగిలి ఉంది. మెడ మీద గీత లేదు.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే కాజాలు. మిషను కాజా వేయించడానికి బయటికి పంపుతాడు, రెండు చోట్ల దారం వదిలి గుండీ జారుతోంది. తీసుకునేటప్పుడే అన్ని గుండీలూ పెట్టి చూసుకోండి.

వెళ్లేవాళ్లకు: గుడ్డను ముందు రోజు నీళ్లలో నానేసి, ఆరేసి ఇవ్వండి, కాటన్ వాటా ఎక్కువ కాబట్టి మొదటి ఉతుకుకు కొంచెం పొట్టిదవుతుంది. స్కూలు బ్యాడ్జి పాత చొక్కా నుంచి విప్పి ఆయన చేతికిస్తే కొత్త జేబు మీద కుడతాడు. ఏప్రిల్‌లోనే ఇచ్చేయండి. మే నెల సగం దాటితే పెళ్లి బ్లౌజుల గిరాకీలో ఉంటాడు, బడి తెరిచే నాటికి అందదు.