బ్యాంకాక్‌లో ఒక రోజు: ప్యాలెస్ మూసేశారని చెబితే నమ్మకండి

బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్ బయట ఎవరైనా మిమ్మల్ని ఆపి "ఇవాళ మూసేశారు" అంటే, జవాబు కూడా చెప్పకుండా టికెట్ కౌంటర్ దాకా నడవండి. ఈ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఊరు బాగుంది, మనుషులు చాలావరకు మంచివాళ్లు. కానీ ఒక్కడు మా పొద్దుటి పూటంతా తినేశాడు, ఆ కోపం నాకింకా తగ్గలేదు.

మేం ఆరుగురం: అత్తయ్యగారు, మామయ్యగారు, మావారు, నేను, పిల్లలిద్దరు. సఫాన్ తక్సిన్ మెట్రో స్టేషన్ కిందే సాథోన్ రేవు. అక్కడ మైకు పట్టుకుని 150 బాట్ల టూరిస్టు పాస్ అంటగట్టాలని చూస్తారు. పట్టించుకోకుండా నారింజ జెండా పడవ ఎక్కండి. ఎక్కడ దిగినా 16 బాట్లే. బాట్ అంటే మనకు రెండున్నర రూపాయల పైమాటే. నది గాలికి పిల్లలు హుషారుగా ఉన్నారు. థా చాంగ్ రేవులో దిగేసరికి తొమ్మిది కూడా కాలేదు.

రేవు నుంచి ప్యాలెస్ గోడ పక్కన నడుస్తుంటే తెల్ల చొక్కా వేసుకుని, మెడలో కార్డు తగిలించుకున్న ఒకాయన ఎదురొచ్చాడు. చక్కటి ఇంగ్లీషు. మామయ్యగారికి నమస్కారం పెట్టి, రాజకుటుంబం పూజ ఉంది, విదేశీయులను ఒంటిగంట తర్వాతే లోపలికి వదులుతారు, ఈలోగా మంచి గుళ్లు చూసి రండి అన్నాడు. మ్యాప్ మీద గుర్తులు కూడా పెట్టాడు. చెయ్యి ఊపగానే రెండు టుక్‌టుక్‌లు (మన ఆటోల్లాంటివి) వచ్చాయి. ఒక్కోదానికి 40 బాట్లట. పెద్దవాళ్లకు ఎండ తగలకుండా ఉంటుందని ఎక్కాం.

డ్రైవర్ ఒక చిన్న గుడి దగ్గర ఐదు నిమిషాలు ఆపాడు. తర్వాత నేరుగా నగల దుకాణం. నీలాలు, కెంపులు, "ప్రభుత్వ ఆఫర్, ఇవాళే ఆఖరు" అంటూ వెంటపడ్డారు. అత్తయ్యగారికి కుర్చీ వేసి, కూల్‌డ్రింక్ ఇచ్చి, ఉంగరం వేలికి తొడిగేశారు. వద్దని లేచేసరికి ఆ అమ్మాయి మొహం మారిపోయింది. బయటికొస్తే డ్రైవర్ ఇంకా టైలర్ షాపుకు వెళ్లాలంటాడు. కస్టమర్లను తీసుకెళ్తే వాళ్లకు కమిషనో పెట్రోలు కూపనో ముడుతుంది, అందుకే ఆ 40 బాట్ల ఎర. మావారు గట్టిగా అరిస్తే తప్ప వెనక్కి తిప్పలేదు. దిగేటప్పుడు బండికి 200 అడిగారు. పాప ఏడుపు మొదలుపెట్టింది, మామయ్యగారు బీపీ మనిషి, 400 ఇచ్చి వదిలించుకున్నాం.

తీరా చూస్తే గేటు బార్లా తెరిచి ఉంది! జనం వరసగా లోపలికి వెళ్తున్నారు. టికెట్లు రోజూ ఉదయం 8:30 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఇస్తారు. నిజంగా ఏదైనా రాచకార్యం ఉంటే ప్యాలెస్ వెబ్‌సైట్లోనే పెడతారు. ఇలాంటివాళ్లు తగులుకుంటే టూరిస్టు పోలీసు నంబరు 1155.

టికెట్ మనిషికి 500 బాట్లు. 120 సెంటీమీటర్ల లోపు పిల్లలకు ఉచితం కాబట్టి పాపకు అక్కర్లేదు, మాకు 2,500 అయింది. మోకాళ్లు కనబడకూడదు. బాబు నిక్కరు వేసుకోవడంతో బయట ఏనుగు బొమ్మల ప్యాంటు 150 పెట్టి కొన్నాం.

లోపలికి వెళ్లాక మాత్రం అత్తయ్యగారి మొహం వెలిగిపోయింది. మరకత బుద్ధుడి గుడి చుట్టూ ఉన్న వసారా గోడల నిండా 178 చిత్రాలు, అన్నీ రామాయణమే. వాళ్లు రామకియెన్ అంటారు. రాముడిది ఆకుపచ్చ ఒళ్లు, హనుమంతుడు తెల్లగా మెరిసిపోతుంటాడు. ఒకచోట హనుమంతుడు కొండంత పెరిగి, రాముడున్న మండపాన్ని నోట్లో పెట్టుకుని కాపలా కాస్తున్నాడు. ఆవిడ అక్కడే ఆగిపోయి "ఇది మైరావణుడి కథేనే!" అన్నారు. నిజమే, రాముణ్ణి పాతాళానికి ఎత్తుకుపోయే కథ వీళ్లకీ ఉంది, అక్కడ కాపలాగా హనుమంతుడి కొడుకు ఉండటం కూడా ఉంది. మనం మత్స్యవల్లభుడంటాం, వీళ్ల మచ్ఛానుకు చేప తోకే ఉంటుంది. అయితే వీళ్ల కథలో ఆ పిల్లాడి తల్లి రావణుడి కూతురు, సముద్రంలో మత్స్యకన్య. హనుమంతుడికి ప్రేమ వ్యవహారమా అని ఆవిడ కాసేపు నొచ్చుకున్నారు గానీ, పిల్లలిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని గోడ గోడకీ కథ చెప్పుకుంటూ తిరిగారు. మోకాళ్ల నొప్పుల మాటే రాలేదు. ఆ 500 దండగ కాదు, గోడల కోసమే వెళ్లినా చాలు.

తర్వాత వాట్ ఫో గుడి. అందులో 46 మీటర్ల శయన బుద్ధుడు, టికెట్ 300. ఎండ మండిపోతుంటే అరగంటలో బయటపడ్డాం. థా తియెన్ రేవు నుంచి అవతలి ఒడ్డున ఉన్న వాట్ అరుణ్ గుడికి పడవ ఐదే ఐదు బాట్లు. పింగాణీ ముక్కలు పొదిగిన ఆ గోపురం బాగుంది, 200 టికెట్. మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, పెద్దవాళ్లను ఎక్కించకండి.

తిండి సంగతి. అత్తయ్యగారు శాకాహారి. ఇక్కడ కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పోస్తారు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో "జే" (శాకాహారం) గుర్తున్న కొట్లో అయితే భయం లేదు. మేం మాత్రం పడవలో మెమోరియల్ బ్రిడ్జి రేవుకు వెళ్లి, మనవాళ్ల కొట్లుండే ఫాహురత్ పేటకు నడిచాం. గురుద్వారా దగ్గరి సందులో చిన్న హోటల్, థాలీ 150 బాట్లు. వేడి రొట్టెలు, పప్పు, పెరుగు. మామయ్యగారు పొద్దుటి నుంచి పెదవి విప్పనివారు అక్కడ రెండోసారి పప్పు అడిగారు. అదనంగా పైసా తీసుకోలేదు.

ఒక్క లోటు మాత్రం మిగిలిపోయింది. ప్యాలెస్ టికెట్ మీదే సాలా చలెర్మ్‌క్రుంగ్ థియేటర్లో ఖోన్ ప్రదర్శన చూడొచ్చు, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉంటుంది. ముసుగులు పెట్టుకుని ఆడే రామకియెన్ అది. గోడ మీద అంత ఇష్టంగా చూసిన కథ అత్తయ్యగారు రంగం మీద చూడాల్సింది. పొద్దున పోయిన టైము వల్ల కుదరలేదు. మీరు పెద్దవాళ్లతో వెళ్తే 8:30కే గేటు దగ్గరుండి, వాట్ ఫోను మర్నాటికి వాయిదా వేసి, మధ్యాహ్నం ఖోన్‌కు వెళ్లండి.